చెవి మిషన్ గురించి మేం రాయని మాట

మాదాపూర్‌లో మా ఆఫీసు. మేం అమ్మేది చెవి మిషన్లు. కంపెనీకి నగరంలో చాలా చోట్ల దుకాణాలున్నాయి. జనం ఆ దుకాణాలకి రావాలని ఇంటర్నెట్‌లో వ్యాసాలూ చిన్న చిన్న వీడియోలూ పెట్టడం మా విభాగం పని. దాన్ని కంటెంట్ మార్కెటింగ్ అంటారు. దానికి నేను పెద్దని, నా కింద ఇద్దరమ్మాయిలు.

రోజుకో వ్యాసం పెట్టాలన్నది నేను చేరకముందు నుంచీ ఉన్న నియమం. చెవి మిషన్‌తో లాభాలు, చెవి మిషన్ ఎందుకు వాడాలి, చెవి మిషన్‌తో మారే జీవితం. అన్నీ ఒకటే. నిన్నటిదాన్ని ఇవాళ తిప్పి రాసేవాళ్ళం. ఎవరైనా వెతికితే మా పేరు పైన కనిపించాలి, అంతే. చదివేవాళ్ళున్నారా అని ఎవరూ అడగలేదు. పొద్దున్నే ఖాజాగూడ నుంచి ట్రాఫిక్‌లో ఈదుకుంటూ వచ్చి కుర్చీలో కూర్చునేసరికే ఒంట్లో శక్తి ఉండేది కాదు. పని ఎక్కువై కాదు. చెప్పిందే చెప్పి చెప్పి నోరు చేదెక్కినట్టుండేది.

ఒకరోజు వ్యాసాల కింద చేరిన చెత్త ప్రకటనలు తీసేస్తుంటే మధ్యలో ఒక కామెంట్ కనబడింది. "మీరు రాసింది చదివి మా నాయినకు మిషన్ కొన్నం. పెట్టుకున్న రోజే ఇంట్ల అందరి మాటలు వినొస్తయని రాసిన్రు. గంట గూడ కాలే, తీసి పక్కన పడేసిండు. ఇగ మీరు రాసేది ఎవరి కోసం?"

అది వచ్చి చాలా రోజులైంది. ఎవరూ జవాబివ్వలేదు. మా దుకాణం ద్వారా ఆ కామెంట్ పెట్టినావిడ నంబరు కనుక్కుని ఫోన్ చేశాను.

"కంపెనీ నుంచా? మిషన్ వాపస్ తీసుకుంటరా?" అందావిడ.

"తీసుకుంటామండి. దానికంటే ముందు ఒకసారి మీ నాన్నగారితో మాట్లాడాలనుంది."

"ఆయనకు వినపడదు గద మేడం, ఫోన్ల ఎట్ల మాట్లాడుతరు?" మళ్ళీ తనే, "ఇంటికి రండి," అంది.

శనివారం మధ్యాహ్నం మా దుకాణంలో వినికిడి పరీక్షలు చేసే ఆడియాలజిస్టుని వెంటబెట్టుకుని పుప్పాలగూడ వెళ్ళాను. పెద్ద అపార్ట్‌మెంట్. ఆవిడ ఏదో ఐటీ కంపెనీలో పనిచేస్తుంది. తండ్రి బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీలో ప్రెస్ మిషన్ మీద ఏళ్ళ తరబడి పనిచేసి రిటైరయ్యాడు. చెవులు అక్కడే పోయాయి. మేం వెళ్ళేసరికి సోఫాలో కూర్చుని సౌండ్ లేకుండా టీవీ చూస్తున్నాడు. ఆయనకి వినబడేంత పెడితే పక్కింటివాళ్ళు గొడవ చేస్తున్నారట.

కూతురు ఆయన చెవి దగ్గర గట్టిగా అరిచి మేం ఎందుకొచ్చామో చెప్పింది. ఆయన లేచి వెళ్ళి డబ్బాలోంచి మిషన్ తెచ్చి టీపాయ్ మీద పెట్టాడు.

"గిన్నె కింద పెడితే పిడుగు పడ్డట్టుంది," అన్నాడు. "ఫ్యాన్ చప్పుడు, నల్లా చప్పుడు, నా చెప్పుల చప్పుడు గూడ నాకే. మనిషి మాట ఒక్కటే సమజైతలేదు. గన్నేండ్లు ప్రెస్ మిషన్ కాడ పడ్డ. ఇప్పుడు గదే తెచ్చి చెవిల పెట్టిన్రు."

ఆడియాలజిస్టు ఆశ్చర్యపోలేదు. ఏళ్ళ తరబడి వినని చప్పుళ్ళన్నీ ఒక్కసారి మీద పడితే ఎవరికైనా అలాగే ఉంటుందట. మొదట్లో తక్కువ సౌండుతో, నిశ్శబ్దంగా ఉన్న గదిలో, ఒక్క మనిషితో మాట్లాడుతూ మెల్లగా అలవాటు చేసుకోవాలి. కొనేటప్పుడు అందరికీ చెబుతానంది. కానీ ఆ హడావుడిలో ఎవరి చెవికీ ఎక్కదు. పైగా పెట్టుకున్న రోజే అన్నీ వినబడతాయని మా వ్యాసాల్లో చదివి వచ్చి ఉంటారు. వినబడకపోతే మిషన్ పాడైందనుకుంటారు, లేదా ఇక తమ చెవి పనికిరాదనుకుంటారు.

ఆమె మిషన్ సౌండు తగ్గించి ఆయన చెవికి పెట్టింది. ఫ్యాన్ ఆపించింది, టీవీ కట్టేయించింది, కూతుర్ని ఎదురుగా కూర్చోమంది.

"నాయినా, చాయ్ తాగుతవా?" అందావిడ మామూలు గొంతుతో.

"చక్కెర జర తక్కువెయ్యి," అన్నాడాయన.

ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళింది. టీ రావడానికి చాలాసేపు పట్టింది. తాగడం అయ్యాక ఆయన మిషన్ తీసి మళ్ళీ డబ్బాలో పెట్టేశాడు. "ఇయ్యాల్టికి చాలు," అన్నాడు. రేపు కూడా కాసేపు పెట్టుకుంటానని మాత్రం ఒప్పుకున్నాడు.

సోమవారం నేను రాసిన వ్యాసం పేరు 'మొదట్లో చెవి మిషన్ చిరాకు పెడుతుంది'. దాన్ని మా యజమానికి చూపించాను. కరీంనగర్ వైపు నుంచి వచ్చి ఒక్క దుకాణంతో మొదలుపెట్టి ఇంతవాడైన మనిషి. చెడ్డవాడు కాదు.

"ఏంది మేడం ఇది? మనం అమ్ముతున్నమా, భయపెడుతున్నమా?"

"మిషన్లు ఎందుకు వాపసొస్తున్నాయో అందులో ఉంది సార్."

"వేరే కంపెనీలు గిట్ల రాస్తలేవు గద."

వాదించే ఓపిక లేదు నాకు. "రోజూ చెప్పిందే చెప్పడం ఇక నావల్ల కాదండి," అన్నాను. "వారానికి ఒక్కటి రాస్తాం. ఎవరో ఒక మనిషిని కలిసి, విని రాస్తాం. కుదరదంటే ఇంకెవరినైనా చూసుకోండి."

బెదిరింపులా అనలేదు. ఉన్నమాట అన్నాను. ఆయనకీ అది అర్థమైనట్టుంది. "ఒక్క నెల చూద్దాం," అన్నాడు.

అద్భుతాలేం జరగలేదు. మొదట్లో ఆ వ్యాసాన్ని ఎవరూ పట్టించుకోలేదు. మిషన్ కొన్న ప్రతి ఒక్కరి ఫోనుకీ దాన్ని పంపిద్దామని ఆడియాలజిస్టు అంది. అప్పటినుంచి జవాబులు రావడం మొదలైంది. మా ఆయనకీ ఇంతే అని ఒకావిడ, పెళ్ళిళ్ళకి వెళ్తే తీసేయాలా అని ఇంకొకాయన. ఆ ప్రశ్నలే మాకు తర్వాతి వ్యాసాలయ్యాయి. వాపసొచ్చేవి తగ్గాయని దుకాణాలవాళ్ళు చెప్పారు. నెల తిరిగాక యజమాని పిలిచి, "మంచిగున్నయి మేడం. గిసుంటివి రోజుకొకటి ఎయ్యలేమా?" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. కాసేపటికి ఆయనా నవ్వాడు.

ఈలోగా నా దగ్గర పనిచేసే అమ్మాయిల్లో ఒకామె వేరే పెద్ద కంపెనీకి వెళ్ళిపోయింది. అక్కడా రోజుకో వ్యాసమేనట. ఆమెని తప్పుపట్టలేను, జీతం బాగుంది. రెండో అమ్మాయి ఒకరోజు కోపంగా ల్యాప్‌టాప్ నా ముందు పెట్టింది. మాకు పోటీ అయిన కంపెనీ ఒకటి మా వ్యాసాన్ని అలాగే ఎత్తి తన పేరుతో పెట్టుకుంది. చిరాకు అన్నచోట చిన్న ఇబ్బంది అని మార్చారు, అంతే.

"ఏం చేద్దాం మేడం?"

ఏం చేయడానికీ నాకు ఓపిక లేదు. "పోనీలేమ్మా," అన్నాను. "అది చదివి ఎవరో ఒకరు ఇంకాస్త సేపు మిషన్ ఉంచుకుంటారు."

ఆ అమ్మాయికి నా జవాబు నచ్చలేదు. మొహం ముడుచుకుని తన సీటుకి వెళ్ళిపోయింది. నేను ఆ వారం వ్యాసం కోసం కలవాల్సినాయనకి ఫోన్ చేశాను.