అన్నానికి పనికిరాని బియ్యం

2001లో నన్ను అనంతపురం జిల్లా శింగనమల వైపు ఒక ఊరికి కార్యకర్తగా వేశారు. స్వచ్ఛంద సంస్థలో కార్యకర్త అంటే అన్నిటికంటే కింది మెట్టు. పైన డైరెక్టరు, ఆయన కింద ఏరియా ఆర్గనైజరు, ఆయన కింద మేము. ఆర్డర్లు పైనుంచి వస్తాయి, తిట్లు ఊళ్ళోనుంచి వస్తాయి, రెండూ మా దగ్గరే కలుసుకుంటాయి. నేను చదివింది ఐదో తరగతి. ఆ ఉద్యోగానికి చదువుకంటే కాళ్ళూ, నోరూ ఎక్కువ కావాలి కాబట్టి నెగ్గుకొచ్చాను.

ఆ ఊళ్ళో మా సంస్థ వికలాంగ పిల్లలకు పగటి బడి నడిపేది. పొద్దున వస్తారు, కాళ్ళకూ చేతులకూ వ్యాయామం, నాలుగు అక్షరాలు, మధ్యాహ్నం అన్నం, సాయంత్రం ఇంటికి. వంటమనిషి మారెక్క, ఎస్సీ కాలనీ ఆమె. ఆమె కూతురు గంగ కూడా ఆ బడిలోనే ఉండేది. గంగకు కాళ్ళు నిలవవు గానీ నోరు మాత్రం ఊరంతా తిరిగొచ్చేది. బడి రాకముందు మారెక్క కూలికి పోతూ, పాప దేక్కుంటూ బావి దగ్గరికి పోతుందేమోనని నడుముకు పాత చీర చుట్టి గుంజకు ముడేసి పోయేది. అది తప్పని ఊళ్ళో ఎవరూ అనలేదు. వేరే దారి చెప్పినవాళ్ళూ లేరు.

ఆ ఏడు డైరెక్టరు మీటింగు పెట్టి 'స్థానిక వాటా' అనే మాట చెప్పారు. బయటి దాతలు గదికి, టీచరు జీతానికి ఇస్తారు, పిల్లల తిండి మాత్రం ఊరే పెట్టుకోవాలి. దసరా తర్వాత హెడ్డాఫీసు నుంచి పరిశీలనకు వస్తారు. అప్పటికి వాటా కనబడకపోతే బడి మూసి, పిల్లలను అనంతపురం హాస్టల్లో చేరుస్తారు. గంగ అంత చిన్నపిల్లలను హాస్టల్లో తీసుకోరు. అంటే మారెక్కకు మళ్ళీ కూలి, గంగకు మళ్ళీ గుంజ.

మా ఏరియా ఆర్గనైజరు ప్రసాదు సారు గుంటూరు వైపు మనిషి. మంచివాడు, కష్టపడేవాడు. మా రాగిసంగటి ముద్దను చూస్తే మాత్రం రెండడుగులు వెనక్కి వేసేవాడు. ఆయన పెట్టిన పద్ధతి పిడికెడు బియ్యం. ఇంటింటికీ ఒక డబ్బా ఇస్తాం. వండేటప్పుడల్లా ఆడవాళ్ళు ఒక పిడికెడు అందులో వేస్తారు. వారానికోసారి మేము పోయి మూటలో పోసుకొస్తాం. కరువు కాలంలో దుడ్లు అడిగితే తలుపేసుకుంటారు గానీ పిడికెడు బియ్యానికి కాదనరని ఆయన అంచనా. నిజంగానే ఎవరూ కాదనలేదు.

రెడ్ల ఇంటి పెద్దావిడ నారాయణమ్మ ఒక్కతే మెలిక పెట్టింది. తమ ఇంటి బియ్యం వేరుగా ఉండాలట, మారెక్క చెయ్యి పడకుండా వేరుగా వండాలట. బడిలో అన్నం వండే గుండు ఒకటే, అందరి బియ్యమూ అందులోకే పోతాయి తల్లీ అన్నాను. వినబడనట్టు డబ్బా నా చేతిలో పెట్టి లోపలికి పోయింది.

వరి పండే కణేకల్ కాలువ కింద చుట్టాలున్న ఇండ్లనుంచి సన్నబియ్యం వచ్చాయి. మిగతా ఇండ్లనుంచి కోటా బియ్యం, కొందరినుంచి నూకలు, ముసలివాళ్ళ ఇండ్లనుంచి కొర్రలు. అన్నీ ఒకే మూటలో పోశాం. తన ఇంట్లో ఏ ఆడమనిషీ అట్లా కలపదు. సంస్థ పని అనేసరికి సారుకూ, మాకూ, పోసినవాళ్ళకూ ఒక్కరికీ ఆ సంగతి తట్టలేదు.

మొదటిరోజు మారెక్క ఆ బియ్యం వండింది. సన్నబియ్యం గంజి అయిపోయాయి, కోటా బియ్యం ఇంకా పలుకుగానే ఉన్నాయి, నూకలు అడుగంటాయి. పిల్లలు మెతుకులు ఏరి ఒకరిమీద ఒకరు వేసుకుని ఆడుకున్నారు. సారు ఆలోచించి, మూట అమ్మేసి ఒకటే రకం కొందామన్నాడు. ఇద్దరం బస్సుమీద మూట వేసుకుని అనంతపురం పోయాం. బియ్యం అంగడాయన మూటలో చెయ్యి పెట్టి తీసి చూసి, "ఏమక్కా, కోళ్ళు సాకుతాండారా?" అని అడిగాడు. మూట మళ్ళీ బస్సెక్కింది.

మాకంటే ముందు ఆ వార్త ఊళ్ళో దిగింది. మర్నాడు మారెక్క చివరి ప్రయత్నంగా నీళ్ళు ఎక్కువ పోసి మళ్ళీ అవే బియ్యం పొయ్యిమీద పెట్టింది. ఇది కూడా తినలేకపోతే వాటా రాలేదని రాసి పంపక తప్పదని సారు అంతకుముందే చెప్పి ఉన్నాడు. అప్పుడొచ్చింది నారాయణమ్మ, గడప బయట నిలబడి.

"ఏమే ఓబులమ్మా, మా బియ్యం యాడ పెట్టినావు?" అని నన్ను అడిగింది.

"ఆ మూటలోనే ఉండాయి తల్లీ. ఏరుకుంటానంటే చాట ఇస్తా."

గంగ పకపకా నవ్వింది. నారాయణమ్మ కోపంగా దాని వైపు చూడబోయి గుండు వైపు చూసింది. ఆమె ముఖం మారిపోయింది. కులం సంగతి ఎట్లా ఉన్నా, ఉడికే బియ్యాన్ని ఎవరైనా పాడుచేస్తుంటే చూస్తూ ఊరుకునే మనిషి కాదు.

"ఇది అన్నం కాదు మారీ, ఏడ్చినట్టుండాది. ఇంత మెత్తగా ఉడికినాక ఇంకేం జూస్తాండావు? సంగటికి ఇంతకంటే ఏం గావాల? రాగిపిండి యాడ?"

రాగిపిండి లేదు. సంగటికైతే బియ్యం సన్నవైనా దొడ్డువైనా ఒకటే, అన్నీ మెత్తగా ఉడికి పిండిలో కలిసిపోవాల్సిందే. ఆ మాట మాలో ఎవరికైనా తట్టవలసింది. బడిలో పెట్టేది అన్నమే అని ఆఫీసు రాసినందువల్ల అందరం అన్నం దగ్గరే ఆగిపోయాం. నారాయణమ్మ సారును చూసి, తమ ఇంటికి పోయి కోడలినడిగి చేటెడు పిండి తెమ్మంది. ఏరియా ఆర్గనైజరు పరుగెత్తాడు.

పిండి ఉడుకులో పోసి, కాసేపు కదపకుండా ఆవిరి పట్టనిచ్చి, ఆ తర్వాత కట్టెతో గెలకాలి. గుండు కదలకుండా ఒకరు పట్టుకోవాలి, ఇంకొకరు బలంగా తిప్పాలి. మారెక్క గుడ్డతో గుండు పట్టుకుంది. నారాయణమ్మ కొంగు దోపుకుని సంగటికట్టె అందుకుంది. గడప ఎప్పుడు దాటిందో ఆమె గమనించలేదు, మేము గుర్తు చేయలేదు. "గట్టిగా పట్టుకోవే" అని ఈమె, "నువ్వు నిదానంగా తిప్పమ్మా" అని ఆమె. మారెక్క చేతులు తడిచేసుకుని ముద్దలు కట్టింది. పిల్లలు పళ్ళేలు నాకి పెట్టారు.

గంగ నారాయణమ్మ వైపు తలెత్తి, "జేజీ, నువ్వు తినవా?" అంది.

"ఈ పొద్దు నాకు ఒక్కపొద్దు" అని నారాయణమ్మ చేతులు కడుక్కుని వెళ్ళిపోయింది. అది బుధవారం. బుధవారం ఒక్కపొద్దు ఏ దేవుడికో అని ఎవరూ అడగలేదు.

ఆ తర్వాత ఇండ్లకు పోయి బియ్యమైనా రాగులైనా సరేనని చెప్పాం. ఏ బియ్యమైనా పనికొస్తాయని తెలిశాక డబ్బాలు త్వరగా నిండాయి. నారాయణమ్మ వేరు కుండ మాట మళ్ళీ ఎత్తలేదు. సంగటి సరిగ్గా కుదిరిందో లేదో చూడటానికని అప్పుడప్పుడు వచ్చేది. వచ్చినప్పుడల్లా ఒక్కపొద్దే.

దసరా పోయాక హెడ్డాఫీసు మేడమ్ వచ్చింది. స్థానిక వాటా ఎక్కడుందని అడిగితే సారు వంటింటి వైపు చూపించాడు. లోపల మారెక్క వేరుశనగ, మిరపకాయలు నూరి ఊరిబిండి చేస్తోంది. పక్కన నారాయణమ్మ కూర్చుని ఉంది. ఉప్పు తక్కువైనట్టుందని నారాయణమ్మ, సరిగ్గానే వేశానని మారెక్క వాదించుకుంటున్నారు.

"చూసి చెప్పు మరి, ఊరికే అంటే ఎట్లమ్మా" అంది మారెక్క, ముద్దలోంచి ఇంత తుంచి ఊరిబిండి అద్ది చెయ్యి చాపుతూ.

నారాయణమ్మ ఆ చేతి వంక కాసేపు చూసింది. తీసుకుని నోట్లో వేసుకుంది. "తెలీలేదు" అంది. ఇంకొంచెం తుంచుకుంది. అట్లా తెలియక తెలియక ముద్దంతా అయిపోయాక, "సరిపోయినాదిలే" అంది. వాటా సంగతి మళ్ళీ అడగడం మేడమ్ మర్చిపోయింది.

బడి నిలిచింది. మారెక్క వంటమనిషిగానే ఉంది, గంగ అక్కడే అక్షరాలు నేర్చుకుంది. నారాయణమ్మ మారిపోయిందని నేను రిపోర్టులో చెప్పలేదు. ఆమె సొంత వంటింట్లోకి మారెక్క పోవడం నేను ఎప్పుడూ చూడలేదు. బడి వంటింట్లో మాత్రం వాళ్ళ తగువు ఆగలేదు.

ఆ తర్వాత వేరే ఊళ్ళకు బదిలీ అయినప్పుడు నేను డబ్బాలు పంచడంతో పని మొదలుపెట్టలేదు. ఆ ఊళ్ళో జనం రోజూ ఏం వండుకుంటారో ముందు చూసేదాన్ని. ఏం అడగాలో అక్కడే తెలిసేది. ఇచ్చినవాళ్ళను రశీదుతో పంపించేయకుండా, ఉప్పు చూడమని లోపలికి పిలిచేదాన్ని.