దవడ కింద గడ్డతో వనస్థలిపురం నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా

వనస్థలిపురం నుంచి దిల్‌సుఖ్‌నగర్ వెళ్లడమూ ఒక ప్రయాణమేనా అని నవ్వుతారేమో. నవ్వండి. ఈ దారిలో తిరిగి తిరిగి నాకు మాత్రం ప్రాణం విసిగిపోయింది. చలికాలంలో మా మేఘనకు కుడి దవడ కింద ఉసిరికాయంత బిళ్ళ లేచింది. మూడేళ్ల పిల్ల. జ్వరం లేదు, నొప్పి లేదు, గెంతులూ తగ్గలేదు. చర్మం మాత్రం నేరేడుపండు రంగుకు తిరిగింది. "గడ్డే కదమ్మాయ్, పగిలితే అదే పోతుంది" అని మా అత్తగారు సున్నం, బెల్లం కలిపి పట్టు వేశారు. నిజంగానే పగిలింది. ఆవిడ సంబరపడి దిష్టి కూడా తీశారు. ఆ పుండు ఇంతవరకు మూతపడలేదు, కారుతూనే ఉంది. డాక్టర్లకు చూపించడానికి దాన్ని రోజూ ఫోన్‌లో ఫోటో తీస్తున్నాను. కాలనీ డాక్టరు టీబీ అని మందులు మొదలుపెట్టాడు. ఆ మాట చెవిన పడగానే పక్కింటావిడ తన పిల్లల్ని మా ఇంటికి పంపడం మానేసింది. మందులు మింగించినా తగ్గకపోయేసరికి పిల్లల సర్జన్‌కు చూపించాం. ఆయన పుండులోంచి కాస్త కండ తీసి, ఏ క్రిమో తేల్చే కల్చర్ పరీక్షకు పంపాడు. వారాల తరబడి ఎదురుచూశాక వచ్చిన ఆ రిపోర్టు కోసమే నిన్న పాపను తీసుకుని అత్తగారూ నేనూ వెళ్లాం.

క్లినిక్ పదింటికి తెరుస్తారు. తొమ్మిదికల్లా బయలుదేరితేనే ముందు టోకెన్ దొరుకుతుంది. హయత్‌నగర్ వైపు నుంచి వచ్చే బస్సులు ఆ వేళకు కిక్కిరిసి ఉంటాయి, చిన్నపిల్లతో ఎక్కే పని పెట్టుకోకండి. ఎల్బీనగర్ మెట్రో దాకా షేర్ ఆటోకి మనిషికి ఇరవై ఇచ్చాం. డ్రైవర్ అద్దంలోంచి మేఘన మెడ మీది పట్టీ చూశాడు.

"ఏందమ్మా, పాపకేమైంది?"

"గడ్డండీ."

"గడ్డకే ఇంత పరేషాన్ ఎందుకమ్మా? మా అన్న బిడ్డకు గిట్లనే అయితే సున్నం బెల్లం పెట్టినం. రెండు దినాలల్ల సాఫ్ అయిపోయింది."

ఇంకో రోజైతే "విన్నావా?" అని అత్తగారు నా వైపు చూసేవారే. నిన్న మాత్రం రోడ్డు వైపు తిరిగి కూర్చున్నారు. నాకు ఒళ్లు మండింది. ఎవరి మీద మండిపడాలో తెలియక పాప గౌను సర్దుతూ కూర్చున్నాను.

ఎల్బీనగర్‌లోనే మెట్రో మొదలవుతుంది కాబట్టి కూర్చోవడానికి చోటు దొరుకుతుంది. దిల్‌సుఖ్‌నగర్ మూడో స్టేషన్. కిందికి దిగితే కోచింగ్ సెంటర్ల బోర్డుల మీద ర్యాంకులు వచ్చిన పిల్లల ముఖాలు వరసగా కనిపిస్తాయి. వాటి వెనక సందులో క్లినిక్. మేఘన సందు మొదట్లోనే గుర్తుపట్టి నా మెడ గట్టిగా పట్టుకుంది.

"ఇది టీబీ కాదమ్మా" అన్నాడు సర్జన్. "టీబీ క్రిమికి దాయాది లాంటి ఇంకో క్రిమి. మట్టిలో, నీళ్లలో ఉంటుంది. శుభ్రంగా, ఆరోగ్యంగా ఉన్న పిల్లలకే వస్తుంది. ఒకరి నుంచి ఒకరికి అంటదు."

నాకు ఒక్క క్షణం ఊపిరి ఆడింది. ఆయన వేలితో దవడ కింద తడిమి మళ్లీ చెప్పాడు. "లోపల ఇంకో గడ్డ పెరుగుతోంది. తీసేయడమే మంచిది. కాకపోతే అంతా చర్మానికి అతుక్కుపోయింది. కింది పెదవిని కదిపే నరం దాని మీదుగానే పోతుంది. దెబ్బ తగిలితే నవ్వినప్పుడు మూతి వంకర పోవచ్చు. చాలామందికి కొన్నాళ్లకు సర్దుకుంటుంది."

"సర్దుకోకపోతే?"

"ఉండిపోతుంది. తీయకుండా వదిలేస్తే ఏడాదో, ఇంకా ఎక్కువో కారుతుంది. మచ్చ ఎలాగూ తప్పదు."

అత్తగారు అడిగారు. "నేను పట్టు వెయ్యకపోతే పగిలేది కాదా బాబూ?"

"వెయ్యకపోయినా పగిలేదేమో. చెప్పలేం అమ్మా."

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆవిణ్ణి దులిపేయాలని నెలల నుంచి దాచుకున్న మాటలన్నీ పక్కన పెట్టేశాను. వచ్చే వారం ఆపరేషన్‌కు సరేనన్నాను. సర్జన్ పాప గడ్డం పట్టుకుని "ఏదీ, ఒక్కసారి నవ్వమ్మా" అన్నాడు. అది నోరు బిగించింది. ఇప్పుడు పెదవి ఎలా కదులుతోందో తర్వాత పోల్చుకోవాలట. ఇంట్లో వీడియో తీసి తెమ్మన్నాడు.

తిరుగు మెట్రోలో మేఘన కాస్త తేరుకుని కిటికీలోంచి చూస్తూ ఏదో పాడుకుంటోంది. ఇదే అదను అనుకుని ఫోన్ తీశాను. "బంగారూ, ఇటు చూసి నవ్వవూ?" అన్నాను. ఫోన్ చూడగానే పాట ఆపేసింది. తల పక్కకు వంచి, మెడ చాచి, తనే పట్టీ అంచు పైకెత్తి పుండు చూపించింది. కదలకుండా అలాగే ఉండిపోయింది. అత్తగారు నా భుజం మీద తల ఆనించి ఏడ్చారు. నేనూ ఏడ్చాను.

ఎవరిని తిట్టమంటారు? ప్రేమతో పట్టు వేసిన ముసలావిడనా? అందరూ వాడే మందే వాడిన డాక్టరునా? ఏ మట్టిలో ఆడిందో, ఏ నీళ్లు తాగిందో తెలియదు. నిక్షేపంలాంటి పిల్లకు ఇదెందుకు వచ్చిందో చెప్పేవాళ్లూ లేరు. ధైర్యం చెప్పే మాటలు ఈ పూట నా దగ్గర లేవు. మీరూ ఇలాంటి ఆపరేషన్‌కు దిల్‌సుఖ్‌నగర్ దారి పట్టాల్సి వస్తే ఒక్కటి గుర్తుంచుకోండి. డేట్ ఇవ్వకముందే, పిల్ల చూడకుండా, దాని నవ్వు వీడియో తీసి పెట్టుకోండి. మాకు ఇంకా దొరకలేదు.