లంకవాళ్ళను అడిగిన సిస్టరమ్మ

మొన్నీమధ్య ఓ సోమవారం పొద్దున చర్ల నుంచి ఫోన్: మా సిస్టరమ్మ ఇక లేదని. భద్రాచలం దవాఖానాలో రెండు రోజులుండి కన్నుమూసిందట. నేను వెళ్ళేసరికి రోడ్డు మీద ఆమె ఫొటోతో ఫ్లెక్సీ కట్టి ఉంది. ‘అడవిబిడ్డల సేవామూర్తి’ అని రాయించారు. బతికుంటే ఆ మాట తీయించేది. ఆమె సేవ చేయడానికి అడవికి వచ్చిన మనిషి కాదు. అక్కడి గూడెంలోనే పుట్టి, కోయభాషలో పెరిగి, నర్సు చదువు చదివి, తనవాళ్ళకు కాన్పులు చేసింది. ఎవరైనా దండం పెట్టబోతే, "నౌకరి చేసిన, గంతే" అనేది.

నేను చర్ల బడిలో తెలుగు పంతులుగా ఉన్నన్నాళ్ళూ మాది పక్క వాటా. మందుల డబ్బాల్లో వచ్చే కాగితాలు చదివి చదివి ఆమె ఇంగ్లీషు పట్టుకుంది. తెలియని మాట కనబడితే బాల్‌పెన్నుతో మణికట్టు మీద రాసుకునేది. సాయంత్రం "ఇదేంది సారూ?" అని చెయ్యి చాపేది. నాకూ తెలియదంటే డిక్షనరీ తెమ్మనేది.

ఇద్దరం రిటైరయ్యాక భద్రాచలం నుంచి ఓ బృందం శ్రీలంక యాత్రకు బయలుదేరింది. మా ఆవిడా నేనూ వెళ్తుంటే ఆమె కూడా వచ్చింది. అక్కడ సముద్రం ఒడ్డున ఓ ఊళ్ళో భోజనాలకు బస్సు ఆపారు. ఎదురుగా చిన్న పుస్తకాల కొట్టు. ఆమె లోపలికి వెళ్ళి, మీ ఊళ్ళవాళ్ళు రాసిన పుస్తకాలున్నాయా అని తనకొచ్చిన ఇంగ్లీషులో అడిగింది. కొట్టతను యాత్రికులు కొనే బొమ్మల పుస్తకాలు చూపించాడు. ఆమె అడ్డంగా తలూపింది. అతను కాసేపు ఆమెను చూసి, వెనక గదిలోంచి మూడు పుస్తకాలు తెచ్చాడు. సింహళంలో, తమిళంలో రాసిన కథలు, ఇంగ్లీషులోకి వచ్చినవి.

బస్సు హారన్ కొడుతోంది. "జల్దీ రా అమ్మా, గుడి మూసేస్తరు" అని యాత్ర పెద్ద కోప్పడ్డాడు.

"గుడి ఏడికీ పోదు. నేను మళ్ల ఈడికి రాను" అంది. మూడూ కొన్నాకే బస్సెక్కింది.

దారిలో వాటిలోంచి ఓ కథ చదివి తెలుగులో చెప్పింది. నిండు వాగు దాటి కాన్పు చేయడానికి వెళ్ళిన మంత్రసాని కథ. చెప్పి, పుస్తకం మూసి, అందరికీ వినబడేలా అంది: "చిన్నప్పటి సంది లంక గురించి మనోళ్లు చెప్పిందే విన్నం. లంకోళ్లు ఏం చెప్పుకుంటరో ఒక్కలన్న అడిగిండ్రా? మా గూడేలదీ గట్లనే. వచ్చినోళ్లంత రాసుకపోయిండ్రు. మమ్ముల అడిగినోళ్లు లేరు."

నేను కూడా గూడేల మీద ఓ వ్యాసం రాసినవాణ్ణే. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

తిరిగొచ్చాక ఆమె తన కాన్పుల ముచ్చట్లు నోటుబుక్కుల్లో రాయడం మొదలుపెట్టింది. తెలుగు అక్షరాలు, భాష మాత్రం కోయ. తెలుగులో రాస్తే నలుగురూ చదువుతారు కదమ్మా అని నచ్చజెప్పబోయాను.

"ఆ దీవోళ్లు మనకు సమజ్ కావాల్నని రాసిండ్రా సారూ? ఆళ్ల మాటల ఆళ్లు రాసుకున్నరు. కావాల్సినోళ్లు ఇంగ్లీషులకు తిప్పుకున్నరు. మీకు కావాల్నంటే మీరు నేర్చుకోండ్రి."

నేను నేర్చుకోలేదు. రేపు, ఎల్లుండి అంటూ ఏళ్ళు గడిపేశాను. ఆమె మాత్రం నాలుగు నోటుబుక్కులు నింపింది. ఎవరి మెప్పూ అడగలేదు.

దినాల రోజు గూడెంలో చాపలు పరిచారు. ఆమె మేనకోడలు నోటుబుక్కు తెరిచి చదవడం మొదలుపెట్టింది. రెండు నిమిషాలకే ఆడవాళ్ళు నవ్వారు. కాసేపటికి కొందరు కళ్ళు ఒత్తుకున్నారు. మళ్ళీ నవ్వారు. అంతమందిలో అర్థం కానిది నాకొక్కడికే. పక్కనున్న ముసలమ్మ వైపు వంగి, "ఏం రాసిందమ్మా?" అని మెల్లగా అడిగాను.

"ఆగు సారూ" అందామె, నా వైపు చూడకుండానే. కొంగు నోటికి అడ్డంపెట్టుకుని నవ్వు ఆపుకుంటూ, రెండో చెయ్యి నా ముందుకు ఎత్తి, అలాగే వింటోంది.