మొలకన్ల పాలగిన్నె

తొంభైలలో యూనివర్సిటీలో నేను రష్యాలోని మొలకన్ల మీద పరిశోధన చేసేవాణ్ణి. వాళ్ళు మతగురువులూ సిలువా అక్కర్లేదనే, ఉపవాసం నాడు కూడా పాలు తాగే క్రైస్తవులు. ఏటేటా తగ్గిపోతున్నారు.

తార్నాకలో మా పెద్దమ్మ ఇంటి శుక్రవారపు ఉపవాస ప్రార్థనకూ ఐదుగురే మిగిలారు. నోరు ఊరుకోక ఈ పాల సంగతి ఆమెకు చెప్పాను. మరుసటి శుక్రవారం పెద్దమ్మ పొయ్యి మీద పాలు పెట్టింది. నెల తిరిగేసరికి హాస్టల్ విద్యార్థులతో గది కిక్కిరిసింది. వీళ్ళ భక్తంతా పాల మీదేనని నాకు ఒళ్ళు మండింది.

ఒక శుక్రవారం పాలు విరిగాయి. ఇప్పుడు చూడాలి వీళ్ళ భక్తి అనుకున్నాను. ఒక్కడూ లేవలేదు.

"విరిగితే ఏమైతది ఆంటీ? జర చక్కెర వెయ్యండి, ఇంకో పాట పాడుతం," అన్నాడొకడు.

గిన్నె అడుగు గీకి తిన్నది మాత్రం నేనే.