తుమ్మముల్లుతో విన్న గిటారు

మొన్న వానలు వెనకబట్టాక కాప్రా చెరువు గట్టు మీద నడవడానికి వెళ్తే చెప్పులోంచి తుమ్మముల్లు దిగింది. మా మనవరాలు బెంబేలెత్తిపోయి ఆస్పత్రికి వెళ్దాం, ఇంజెక్షన్ చేయిద్దాం అని గోల పెడుతుంటే, నేను రాయి మీద చతికిలబడి ఆ ముల్లు లాగి, ఎండకు పట్టుకుని, మొన ఎంత వాడిగా ఉందో, మొదలు ఎంత లావుగా ఉందో చూస్తూ కూర్చున్నాను. చుట్టూ తడిసిన తుమ్మపూల వాసన. ఆ వాసనకు ఎవరికైనా మేకలు గుర్తుకు రావాలి, పళ్ళు తోముకునే పుల్లలు గుర్తుకు రావాలి. నాకు మాత్రం స్పెయిన్ దేశం గుర్తుకొస్తుంది. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి.

మేం అప్పట్లో రాంగోపాల్‌పేటలో, ముందు వసారా, వెనక పెంకుల వంటిల్లు ఉన్న అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం. నాన్న గుంటూరు వైపు నుంచి ఉద్యోగం వెతుక్కుంటూ వచ్చి ఒక మిషన్ బడిలో ఇంగ్లీషు మాస్టరుగా కుదురుకున్నాడు. తెల్లవాళ్ళ పటాలాలు తిరుమలగిరి ఖాళీ చేసి వెళ్ళిపోతూ, మోసుకుపోలేని మంచాలు, పింగాణీ పళ్ళేలు, పెంచుకున్న కుక్కలతో సహా అమ్మకానికి పెట్టిన రోజుల్లో, కుర్చీ కొనుక్కురమ్మని అమ్మ పంపితే, నాన్న మూతపెట్టె గ్రామఫోను ఒకటి, దాంతోపాటు నల్లటి రికార్డులు కొన్ని జట్కాలో వేసుకుని దిగాడు. "కూర్చోవడానికి కుర్చీ లేదు గానీ కూర్చుని వినడానికి పాట తెచ్చారు" అని అమ్మ నెలల తరబడి దెప్పుతూనే ఉంది. ఆ రికార్డుల్లో చాలావరకు బ్యాండు మోతలే. మూడు మాత్రం వేరుగా ఉండేవి. పెద్ద లక్క బిళ్ళల్లాంటి వాటి మధ్య అంటించిన కాగితం మీది పేర్లు పలకడానికి మా ఇంగ్లీషు మాస్టారికే నోరు తిరగలేదు. అవి స్పెయిన్ దేశపు గిటారు వాద్యం. ఒక మనిషి, ఒక గిటారు, అంతే.

మాది ప్రొటెస్టెంటు ఇల్లు. ఆదివారం నాడు సినిమా పాట కూనిరాగం తీసినా వీపు విమానం మోత మోగేది. గుడి నుంచి వచ్చి, కొత్తిమీర వేసిన మాంసం కూరతో అన్నం తిని, పెద్దవాళ్ళు కునుకు తీస్తుంటే పిల్లలం కీర్తనల పుస్తకం ముందేసుకుని ఆవులించాలి. ఈ గిటారు విషయంలో నాన్న చాలా ఆలోచించి తీర్పు చెప్పాడు: ఇందులో మాటలు లేవు కనుక చెడ్డ మాటలూ లేవు, కనుక ఆదివారం వినొచ్చు. తనకు వినాలని ఉంది గనకే ఆ తీర్పు అని అమ్మకు తెలుసు, మాకూ తెలుసు. ఎవరమూ బయటపడలేదు, ఎందుకంటే మాకూ వినాలనే ఉంది.

ఆ వినడం మాకు నేర్పినవాడు హమీద్ చాచా. నాన్న బడిలోనే ఉర్దూ చెప్పేవాడు, మాకు నాలుగిళ్ళ అవతల ఉండేవాడు. చిన్నప్పుడు సితారు పట్టుకుంటే వాళ్ళ నాయన చేతుల మీద కొట్టి మాన్పించాడట. ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఇస్త్రీ షేర్వానీతో, కత్తిరించిన చిన్న గడ్డంతో, కూతురు సకీనా వేలు పట్టుకుని వచ్చి మా వసారాలో చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చునేవాడు. సకీనాదీ నాదీ ఒకే ఈడు. మొదటిసారి విన్నప్పుడు మేమిద్దరం ఇద్దరు మనుషులు వాయిస్తున్నారని పట్టుబట్టాం. ఒకళ్ళు కింద గొంతుతో నెమ్మదిగా నడుస్తుంటే ఇంకొకళ్ళు పైన గలగలా మాట్లాడుతున్నారు కదా మరి. చాచా నవ్వి, "ఇద్దరు లేరు బిడ్డా, ఒక్కడే. బొటనవేలు మోటు తీగల మీద తన పని తాను చేసుకుంటది. కడమ వేళ్ళు పైన ముచ్చట పెడ్తయి. జెర కండ్లు మూసుకొని ఇను" అన్నాడు. కళ్ళు మూసుకుంటే నిజమే. వేళ్ళు తీగ మీద జరిగేటప్పుడు చిన్న కీచుమనే చప్పుడు వినపడేది, వాయించే మనిషి ఊపిరి పీల్చడం వినపడేది. తీగ మీటి వదిలాక ఆ నాదం సన్నబడి సన్నబడి, ఇక పోయిందనుకున్న చోట ఇంకా కొంచెం మిగిలి ఉండేది. ఆ మిగిలినదాన్ని వినాలనేవాడు చాచా. ఆ కాస్తలో ఎవరైనా దగ్గితే ఆయనకు ప్రాణం పోయినంత పనయ్యేది.

ఆ మూడింట్లో ఒక వాద్యం రికార్డుకు రెండు పక్కలా నిండి ఉండేది. మొదటి పక్క అయిపోగానే నాన్న దాన్ని తిప్పి, కీ ఇచ్చి, సూది మార్చేదాకా అందరం మాట్లాడకుండా ఆ రాగాన్ని మనసులో పట్టుకుని కూర్చోవాలి. అది మా ఇంటి ఆచారం. మాట్లాడినవాళ్ళకు ఆ సాయంత్రం బిస్కెట్టు లేదు.

తర్వాత, స్వతంత్రం వచ్చినా మా సంస్థానం యూనియన్‌లో కలవనందుకు, చుట్టూ దారులు మూసుకుపోయాయి. బొంబాయి సరుకు రావడం మానేసింది. ఉప్పుకు, కిరసనాయిలుకు కటకటగా ఉంటే గ్రామఫోను ఉక్కు సూదులు ఎవడు తెస్తాడు? మొద్దుబారిన సూది పెడితే రికార్డు గీరుకుపోతుంది. అప్పుడు చాచా కాప్రా వైపు వెళ్ళి తుమ్మముళ్ళు కోసుకొచ్చాడు. వాటిని ఎండబెట్టి, సరిగ్గా తుంచి, గరుకు కాగితం మీద మొన తీసి సూదిచోట బిగిస్తే, అమ్మ ముక్కున వేలేసుకునేలా అది పలికింది. చప్పుడు సగానికి సగం తగ్గింది గానీ గరగర పోయి, నాదం మెత్తబడి, మనిషి పక్కగదిలో కూర్చుని వాయిస్తున్నట్టే ఉండేది. ముళ్ళకు మొన తీయడం సకీనాకూ నాకూ అప్పజెప్పారు. రికార్డు ఒక్కో పక్కకూ కొత్త మొన కావాలి కనుక ఆదివారం పొద్దున్నంతా మా వేళ్ళ నిండా రక్తపు చుక్కలే.

చప్పుడు తగ్గడం ఇంకో రకంగానూ మంచిదే అయింది. వీధుల్లో రజాకార్లు కవాతు చేస్తున్న రోజులవి. రేడియోలో యూనియన్ వైపు వార్తలు ఎవరు వింటున్నారా అని గోడలకు చెవులు పెట్టి తిరిగేవాళ్ళు. ఒక ఆదివారం ఖాకీ బట్టల కుర్రాళ్ళు కొందరు తుపాకులతో మా వసారా ఎక్కి రేడియో ఎక్కడ పెట్టారని గద్దించారు. చాచా లేచి, సలాం చేసి, గ్రామఫోను మూత తెరిచి చూపించి, ముల్లు పెట్టి తిప్పాడు. ఇదెక్కడి బాజా అని వాళ్ళలో ఒకడు అడిగితే, స్పెయిన్‌ది, ఒకప్పుడు మన ముసల్మానులు వందల ఏళ్ళు ఏలిన ముల్కు అని ఉర్దూలో చెప్పాడు. అంతే, వాళ్ళ ఛాతీలు పొంగాయి. తుపాకులు గోడకు ఆనించి, తామే గెలిచివచ్చినట్టు రెండో పక్క కూడా విని, శభాష్ అని మరీ వెళ్ళారు. వాళ్ళు మలుపు తిరిగాక చాచా చాప మీద కూలబడి మంచినీళ్ళు అడిగాడు. ఆ రోజుల్లోనే, బస్తీలో ఎప్పుడేం జరుగుతుందో అని భయపడి, ఆయన తన భార్య రజియా చాచీని, సకీనాను బీదరుకు అవతల చాచీ పుట్టినూరికి పంపించేశాడు. పల్లె అయితే పదిలం అనుకున్నాడు.

నలభై ఎనిమిది సెప్టెంబరులో యూనియన్ సైన్యం వచ్చింది. తిరుమలగిరి దారిలో ట్యాంకులు వస్తుంటే జనం పూలు చల్లారు. మేమూ చల్లాం, మా పెరటి బంతిపూలు. నేను సంతోషంతో గొంతు బొంగురుపోయేలా అరిచాను, ఆ సంతోషం అబద్ధం కాదు. అయితే మరికొద్ది రోజులకే బీదరు వైపు నుంచి వచ్చినవాళ్ళు చెప్పే మాటలు మారిపోయాయి. రజాకార్లు చేసిన దానికి, ఏ పాపం ఎరగని తురకల ఇళ్ళ మీద పడి పగ తీర్చుకుంటున్నారని, బావులు శవాలతో నిండిపోయాయని చెప్పుకునేవారు. చాచా అన్నం మానేశాడు. వెళ్ళి పెళ్ళాం బిడ్డను తెచ్చుకోవాలి, అంతకు మించి ఇంకో మాట లేదు ఆయన నోట. "వెళ్ళకండి హమీద్ గారూ, దారులు బాగాలేవు" అని నాన్న చేతులు పట్టుకుని బతిమాలాడు. "పోకుంటే నేనేం మనిషిని మాస్టర్ సాబ్?" అన్నాడాయన.

అప్పుడు మా వాళ్ళకు ఒక ఉపాయం తట్టింది. కిరస్తానీ ఇళ్ళలో తప్ప ఇంకెక్కడా తట్టని ఉపాయం. చాచాను కిరస్తానీ మాస్టరుగా మార్చి పంపితే ఎవరూ ముట్టుకోరని నాన్న నమ్మాడు. మా వసారాలో అద్దం పెట్టుకుని చాచా గడ్డం గీసుకున్నాడు. ఒలిచిన ఉల్లిపాయలా ఉన్న ఆ ముఖం చూసి నేను కిసుక్కున నవ్వితే ఆయనా నవ్వాడు. నాన్న కోటు తొడిగారు, అమ్మ సిలువను నల్లదారంతో మెడలో కట్టారు, శామ్యూల్ అని పేరు పెట్టారు. ఎవరైనా నిలదీస్తే చెప్పడానికి 'పరలోకమందున్న మా తండ్రీ' అనే ప్రభువు ప్రార్థన కంఠతా రావాలి కదా. ఆ పని నాకు అప్పజెప్పారు, సండే స్కూల్లో నేనే గడగడా చెప్పేదాన్ని గనక.

ఆ గ్రాంథికం చాచా నాలుక మీద నిలవలేదు. పాపం, బెత్తం లేకపోయినా నేను బెత్తం పట్టుకున్నదానిలాగే గదమాయించాను. "గిట్ల రాదు బిడ్డా. నాకు చెవితోనే వస్తది. ఆ రికార్డు పెట్టు" అన్నాడు. ఆ రెండు పక్కల వాద్యమే పెట్టాను. దాని నడక మీద ఒక్కొక్క మాటా ఎక్కించుకుంటూ, గిటారు ఆగినచోట ఆగుతూ, పల్లవిలా మళ్ళీ మొదటికి వస్తూ, సాయంత్రానికల్లా మొత్తం పట్టేశాడు. నాన్న కళ్ళు తుడుచుకుని ఆమెన్ అన్నాడు.

నాన్నకు తెలిసిన ఒక లారీ డ్రైవరు జహీరాబాదు మీదుగా బీదరు వైపు సరుకు తీసుకెళ్తుంటే అతని పక్కన ఎక్కించారు. లారీ కదిలాక అమ్మ గుమ్మంలో నిలబడి, "బట్ట మార్చారు, పేరు మార్చారు, బాగానే ఉంది. ఒంటినేం మారుస్తారండీ?" అంది. నాకు ఆ మాట అర్థం కాలేదు. ఆ మాట అమ్మకు ముందే తోచిందనీ, మగవాళ్ళ ముందు అనడానికి సిగ్గుపడి మింగేసిందనీ ఆమె ముసలిదయ్యాక నాతో చెప్పి ఏడ్చింది.

మర్నాడు మధ్యాహ్నం రజియా చాచీ, సకీనా వేరే దారిన రైల్లో దిగారు. వాళ్ళ ఊరి పటేలు వాళ్ళను తన వడ్ల కొట్లో దాచి, దారులు కాస్త తెరిపిన పడగానే తన మనిషిని తోడిచ్చి పంపాడట. చాచా మీకోసమే వెళ్ళాడని చెప్పగానే చాచీ మా వసారాలో అలాగే నేల మీద కూర్చుండిపోయింది.

వారం తిరక్కుండా డ్రైవరు వచ్చాడు. నాన్నను వీధిలోకి పిలిచి చెప్పాడు, తలుపు వెనక నేను విన్నాను. "కర్రలు, కత్తులు పట్టుకొని లారీ ఆపిన్రు సార్. హమీద్ సాబు దిగి పాట లెక్క ఏదో చదువుడు షురూ చేసిండు, మన తెలుగుల. వాండ్లకు తెలుగే రాదాయె. ప్రార్థన గిట్ల ఎవ్వరడుగలే సార్. లాగు ఇప్పమన్నరు." సున్తీ ఉందో లేదో చూస్తే చాలు, వాళ్ళకు ఇంకో పరీక్షతో పనిలేదు. శవం కూడా దక్కలేదు.

రజియా చాచీ ఏడవలేదు. దుపట్టా ముఖం మీదకు లాక్కుని నాన్నను ఒక్కటే అడిగింది: "ఆఖరికి కల్మా చదివిండ్రా భాయ్?" నా జన్మలో నాన్న అబద్ధమాడగా నేను విన్నది ఆ ఒక్కసారే. "చదివారమ్మా, డ్రైవరు విన్నాడట" అన్నాడు. తర్వాత పెరట్లోకి వెళ్ళి నూతి గట్టు మీద తల ఆనించి చాలాసేపు ఉండిపోయాడు. స్నేహితుడి ఆఖరి క్షణంలో అతని దేవుణ్ణి తలుచుకునే ఆ కల్మా కాక తన దేవుడి ప్రార్థన నోట పెట్టానే అన్న దిగులు నాన్నను పోయేదాకా వదల్లేదు.

కొన్నాళ్ళకు చాచీ తమ్ముడు వచ్చి వాళ్ళను బొంబాయి తీసుకెళ్ళాడు. అక్కడినుంచి కరాచీ వెళ్ళారని విన్నాం, ఆపైన ఏమీ వినలేదు. వెళ్ళేముందు చాచీ ఆయన వినేదేదో ఇవ్వమని అడిగితే నాన్న ఆ రెండు పక్కల రికార్డు ఇచ్చాడు. వాళ్ళ దగ్గర గ్రామఫోను లేదు. అయినా పాత బురఖా గుడ్డలో పసిబిడ్డను చుట్టినట్టు చుట్టుకుని తీసుకెళ్ళింది.

ఇప్పుడు ఆ వాద్యం మా మనవరాలి ఫోనులో వేలు తాకిస్తే చాలు, గరగర లేకుండా, మధ్యలో తిప్పే పని లేకుండా మోగుతుంది. అది చెవుల్లో పెట్టుకుని వంట చేస్తుంది, బస్సెక్కుతుంది. తప్పనను, ఎవరి రోజులు వాళ్ళవి. ఒక నాదం ఆగిపోయేదాకా ఊపిరి బిగబట్టి పక్కపక్కన కూర్చునే మనుషులు మాత్రం ఈ ఊళ్ళో నాకు మళ్ళీ కనిపించలేదు. రాంగోపాల్‌పేటలో మా వసారా పోయింది. చాచా ఇల్లున్న చోట సామాన్ల గోదాము ఉంది, ఆ ఇంట్లో ఎవరుండేవారో ఆ వీధిలో చెప్పగలిగినవాళ్ళు లేరు.

ఆదివారం నాడు గుళ్ళో సంఘమంతా లేచి, నేను చాచాకు నేర్పిన ఆ ప్రార్థన చెప్తుంది. నేనూ అందరితో గొంతు కలుపుతాను. కీడు నుంచి తప్పించమని అడిగేచోటికి వచ్చేసరికి ఆగిపోతాను. ముసలిదానికి మతిమరుపు వచ్చిందనుకుని మా కోడలు నా వైపు వంగి, ఆ మాట నెమ్మదిగా చెవిలో అందిస్తుంది.