బలం సూది

నేను బరువులెత్తిన మనిషిని. ఎత్తిన బరువుతో ఒక సుఖం ఉంది, మీకు తెలుసో లేదో. మోయలేకపోతే వదిలెయ్యొచ్చు. దభేలుమని కింద పడుతుంది. మనం ఒక అడుగు వెనక్కి వేస్తే చాలు, ఎవరూ తప్పు పట్టరు. ఇప్పుడు మీకు చెప్పబోయేది మాత్రం అలా వదిలెయ్యడానికి వీల్లేకుండా ఏళ్ల తరబడి నా మెడ మీదే ఉండిపోయింది. నా భార్యకి చెప్పలేదు. పాస్టరుగారికి చెప్పలేదు. మీరెవరో నాకు తెలీదు కాబట్టి మీకు చెబుతున్నాను. నా పేరు అడగకండి. మిగతా పేర్లు మార్చేశాను.

ఎక్కడ మొదలుపెట్టాలి? సూది దగ్గరా? ఆ పిల్ల గొంతు దగ్గరా? ఎన్నిసార్లు మొదలుపెట్టినా నన్ను నేను కాస్త మంచివాడిగా చూపించుకునే చోటే మొదలుపెడుతున్నాను. ఇది నాలుగో కాగితం.

మాది నెల్లిమర్ల దగ్గర పల్లె. మా వైపు కొన్ని ఊళ్లలో పొలం లేని ఇల్లుంటుంది గానీ వెయిట్‌లిఫ్టింగు బెల్టు లేని వీధి ఉండదు. తెల్లారేసరికి చోడి అంబలి తాగేసి రేకుల షెడ్డులోకి పోతారు పిల్లలు. అదే మా జిమ్ము. పతకం వస్తే రైల్వేలోనో పోలీసుల్లోనో ఉద్యోగం వస్తుంది. అందుకే ఎత్తుతాం. దేశం కోసం అని తర్వాత స్టేజీ ఎక్కి చెబుతాం.

నేనూ అలాగే ఎత్తాను. ఒక క్యాంపులో సీనియరు ఒకడు నాకు ఇంజక్షన్లు అలవాటు చేశాడు. లేబులు గీకేసిన చిన్న సీసాలు, లోపల నూనెలా చిక్కగా ఉండేది. పేరడిగితే నవ్వాడు. అందరూ వేసుకుంటారు, నువ్వు మానేస్తే నీకే నష్టం అన్నాడు. వీపంతా కురుపులు లేచాయి. ఊరికూరికే కోపం వచ్చేది, అన్నం కంచం విసిరికొట్టేవాణ్ణి. ఒకసారి పోటీల రోజు పొద్దున్న పరీక్షలు చేసేవాళ్లు వస్తున్నారని కబురొచ్చింది. మధ్యాహ్నానికి సగం మంది మాయం. మైకులో పేర్లు పిలుస్తుంటే పలికేవాడు లేడు. నేను వాంతులని చెప్పి బస్సెక్కేశాను. ఆ రోజు నిజాయితీగా ఆడిన ఎవడో పిల్లాడికి పతకం వచ్చే ఉంటుంది. వాడెవడో నాకు తెలీదు. అంతకుముందు నాలాంటివాళ్ల వల్ల పతకం రాక ఆట మానేసినవాళ్లు ఎందరో అదీ తెలీదు.

నేను ఎప్పుడూ దొరకలేదు. పతకం పుణ్యమా అని బళ్లో వ్యాయామం మాస్టారినయ్యాను. పొద్దున్నే షెడ్డులో ఊరి పిల్లలకి నేర్పేవాణ్ణి. వాళ్లలో ఎస్తేరు ఒకతి. వాళ్లమ్మ సంతోషమ్మ నాకు వరసకి అత్త. ఎస్తేరు నన్ను బావా అని పిలిచేది. మాదీ వాళ్లదీ ఒకటే చర్చి, మా తాతల కాలం నుంచీ.

మా వైపు బలం సూది అంటే ఏమిటో బయటివాళ్లకి చెప్పాలి. జ్వరం తగ్గాక నీరసమున్నా, నాట్లయిపోయి నడుం పట్టేసినా, ఆరెంపీ డాక్టరు దగ్గరికి పోయి ఒక బలం సూది వేయించుకుంటారు. అందులో ఏముందని ఎవరూ అడగరు. అడిగితే డాక్టర్ని అనుమానించినట్టు. అది మందు కింద లెక్క కాదు, టీ తాగినట్టే. నాకు సూది వెయ్యడం వచ్చని తెలిశాక మా వీధివాళ్లు ఆరెంపీ దాకా పోకుండా నా దగ్గరికే వచ్చేవారు. నేను విటమిన్ సూది వేసి పంపేవాణ్ణి.

ఎస్తేరు ఒక బరువు దగ్గర ఆగిపోయింది. నెలలు గడుస్తున్నా అదే బరువు. ఒక సాయంత్రం అత్త నన్ను ఆపింది.

"పిల్ల నీరసపడిపోతన్నాదిరా. నీ సేత్తో ఒక బలం సూదెయ్యకూడదా?"

ఇంటికెళ్లి పెట్టె తీశాను. అందులో రెండు రకాలూ ఉన్నాయి. ఎర్రటి విటమిన్ సీసా, నా నూనె సీసాలు. నా చెయ్యి ఒక్క క్షణమైనా ఆగిందా? గుర్తు తెచ్చుకోవాలని ఎంతో ప్రయత్నించాను. ఆగిందని నమ్మాలనిపిస్తుంది, ఎందుకంటే ఆగి ఉంటే నాలో కాస్త మంచి ఉన్నట్టు. కానీ ఆగి ఆలోచించాక కూడా తప్పుడు సీసానే తీశానంటే అది ఇంకా పెద్ద తప్పు కదా? ఏది నయమో నాకు ఇప్పటికీ తేలలేదు.

వాళ్ల అరుగు మీద వేశాను, భుజానికి. అత్తే దూది పట్టుకుని నిలబడింది. సూది తియ్యగానే తనే రుద్దింది. ఆ తర్వాత వారానికోసారి. ప్రతిసారీ దూది అత్తదే.

ఎందుకు చేశాను? పిల్ల బాగుపడాలనే. ఇది అబద్ధం కాదు. నేను తయారుచేసిన పిల్ల గెలిస్తే నాకూ కోచ్ అని పేరొస్తుంది, ఎక్కడో అకాడమీలో పోస్టు వస్తుంది. ఇదీ అబద్ధం కాదు. ఇంకోటి కూడా ఉంది, చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఆ పిల్ల సొంత బలంతో నన్ను దాటి పోతుందేమోనని లోపలెక్కడో మండేది. నేను సూదితో గెలిచినవాణ్ణి. ఆమె సూది లేకుండా గెలిస్తే నేనేమవుతాను? ఆమెను కూడా నా వరసలోకి లాగాలని చేశానా? ఒక్కోరోజు అవుననిపిస్తుంది. ఒక్కోరోజు, ఛ, అంత నీచుణ్ణి కాదులే అనిపిస్తుంది.

బరువులు లేచాయి. ఊరంతా నన్ను మెచ్చుకుంది. గొంతు మాత్రం పడిపోయింది.

ఎస్తేరు చర్చి కోయిర్‌లో పాడేది. పై స్థాయిలో మిగతా ఆడపిల్లలంతా ఆగిపోయినా ఆమె గొంతు ఇంకా పైకి వెళ్లేది. ఆ క్రిస్మసుకి పాట మధ్యలో గొంతు జీరపోయి మగపిల్లాడి గొంతులా దిగింది. వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. పాస్టరమ్మగారు మిరియాల పాలు తాగమన్నారు. అత్త ఉప్పునీళ్లు పుక్కిలింపించింది. నాకు తెలుసు. ఆ చర్చి మొత్తమ్మీద ఆ గొంతుకి ఏమైందో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. అయినా ఆపలేదు. జాతీయ పోటీలు దగ్గర పడ్డాయి, ఇప్పుడు ఆపితే చేసిందంతా వృథా అనుకున్నాను.

పతకం గెలిచింది. రైల్వే ఉద్యోగం వచ్చేసినట్టేనని ఊళ్లో మిఠాయిలు కూడా పంచారు. తర్వాత ఫోను. పరీక్షలో తేడా వచ్చిందట. పిలిచి అడిగారు, ఏ మందులు వాడావు అని. ఏమీ వాడలేదంది. ఆ పిల్ల అబద్ధమాడలేదు. బలం సూది మందు కాదు కదా. ఆమెకి అది గుర్తే రాలేదు. వాళ్లు నమ్మలేదు. నిషేధం వేశారు. ఉద్యోగం పోయింది. పేపర్లో ఫొటో వేసి మరీ రాశారు.

హుద్‌హుద్ తుఫాను వచ్చిన ఏడాది అది. వాళ్ల ఇంటి మీద రేకులు లేచిపోయి టార్పాలిన్ కట్టుకుని ఉన్నారు. నేను చూడ్డానికి వెళ్లాను. వెళ్లకపోతే అనుమానిస్తారని వెళ్లాను. ఎస్తేరు ఆ కొత్త గొంతుతో అడిగింది.

"బావా, ఒక మాటడుగుతాను, కోపం తెచ్చుకోకు. నువ్వేసింది బలం సూదే కదా?"

"మరేటనుకున్నావు? బలం సూదే."

"నేనూ అదే అనుకున్నాను. మా బావ అలాటోడు కాడు."

లోపలి నుంచి అత్త వచ్చింది. కళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి.

"సూదేటే, నీ మొకం. నేను పెట్టిన లేహ్యమే. సంతలో మందులమ్మే ముసిలోడి కాడ కొన్నాను. అందులో ఏటి కలిపినాడో. నా సేత్తో నేనే నా పిల్లకి ఇసం పెట్టీసినాను."

నేను తల వంచుకున్నాను. బాధపడుతున్నాననుకున్నారు.

ఆ లేహ్యం ఎస్తేరు చిన్నప్పటి నుంచీ ప్రతి చలికాలం తింటూనే ఉంది. అప్పుడెప్పుడూ పోని గొంతు నేను సూది మొదలుపెట్టాకే పోయింది. ఈ లెక్క కట్టడానికి పెద్ద చదువు అక్కర్లేదు. కానీ ఆ రోజు నుంచి నేనొక ఆట మొదలుపెట్టాను. ఏమో, ఆ ముసలాడు నిజంగానే ఏదైనా కలిపాడేమో. రెండూ కలిసి అలా అయిందేమో. ఇలా ఏమో, ఏమో అనుకుంటూ ఇన్నేళ్లు అన్నం తిన్నాను. మిగిలిన లేహ్యం డబ్బాని చంపావతిలో పారేస్తానని అత్త అంటే నేనే బండి మీద తీసుకెళ్లాను. పరీక్ష చేయిద్దాం అత్తా, అనొచ్చు కదా? అనలేదు. డబ్బా మునిగేదాకా చూశాను. మునగ్గానే నాకు ఊపిరాడింది. పక్కన అత్త ఏడుస్తోంది.

ఆ తర్వాతి మొదటి ఆదివారం నుంచి అత్త ప్రభువు బల్లలో చెయ్యి వెయ్యడం మానేసింది. మా చర్చిలో ప్రతి నెలా మొదటి ఆదివారం రొట్టె, ద్రాక్షరసం ఇస్తారు. మనసులో మచ్చ ఉన్నవాళ్లు దూరంగా ఉండండని పాస్టరుగారు ముందే హెచ్చరిస్తారు. బిడ్డకి విషం పెట్టినదాన్ని, నాకెలా ఇస్తారు అంటుందట అత్త. పాస్టరుగారు ఇంటికెళ్లి నచ్చజెప్పినా వినలేదు.

నన్ను మాత్రం సంఘపెద్దని చేశారు. నవ్వొస్తోందా? నాకూ వస్తుంది ఒక్కోసారి. చిన్న చిన్న గాజు గిన్నెలున్న పళ్లెం పట్టుకుని ఆడవాళ్ల వైపు బెంచీలకి తీసుకెళ్లేది నేనే. ప్రతి నెలా అత్త ముందు వంగుతాను. "నాకొద్దురా" అంటుంది. నేను పక్కావిడ దగ్గరికి జరుగుతాను. చివర్న నా గిన్నె నేను తాగుతాను. తాగకపోతే ఎందుకు తాగలేదని అడుగుతారు.

ఎస్తేరు ఇప్పుడు విజయనగరం రోడ్డులో పెట్రోలు బంకులో పనిచేస్తోంది. నేను అక్కడ ఆగను. ఒకసారి ఆ బంకుకి కాస్త ముందే బండి ఆగిపోతే, ఎండలో నెట్టుకుంటూ దాని ముందు నుంచే తల తిప్పుకుని పోయాను. వెనక నుంచి ఆ గొంతు వినిపించింది, ఎవరికో చెబుతోంది. "జీరో సూసుకోండి." లారీ డ్రైవరెవడో ఆ గొంతుని వెక్కిరించి అదే మాట తిరిగి అన్నాడు. ఆమె తర్వాతి బండికీ అదే మాట చెప్పింది. అలవాటైపోయి ఉంటుంది.

కిందటి మొదటి ఆదివారం జరిగింది చెప్పి ఆపేస్తాను. కోయిర్ పాడుతోంది. ఎవరో కొత్త పిల్ల, పై స్థాయిలో అందరూ ఆగిపోయాక ఒక్కతే ఇంకా పైకి వెళ్లింది. నేనప్పుడు అత్త ముందు వంగి ఉన్నాను. అత్త కళ్లు మూసుకుంది. ఆమె ఎవర్ని వింటోందో నాకు తెలుసు. "నాకొద్దురా" అంది, కళ్లు తెరవకుండానే. నేను జరగాలి. జరగలేదు. నోట్లోంచి మాట వచ్చేసింది. నేను అనుకుని అన్నది కాదు.

"అత్తా, లేహ్యం కాదు. నా సూది."

కళ్లు తెరిచి చూసింది. నా వైపు కాదు, పళ్లెం వైపు. గిన్నెలన్నీ టకటకలాడుతున్నాయి.

"సరిగ్గా పట్టుకో," అంది. "ఒలికిపోతాది."

అంతే. గిన్నె తీసుకోలేదు. నేను పక్కావిడ దగ్గరికి జరిగాను. చివర్న నా గిన్నె తాగకుండా పళ్లెంలోనే వదిలేశాను. ఎవరూ అడగలేదు. బయటికొచ్చేసరికి అత్త వెళ్లిపోయింది.

విందా? పాట గట్టిగా ఉంది, అత్తకి చెవులు కాస్త మందం. విని ఉంటే అంత మామూలుగా ఒలికిపోతాదని ఎలా అనగలిగింది? వినకపోతే ఆ పూట నుంచి నా ఇంటి ముందు నుంచి కాకుండా చుట్టూ తిరిగి చర్చికి ఎందుకు వెళుతోంది? నాకేమీ అర్థం కావడం లేదు. క్షమించమని అడగలేదు, అడిగే ముఖం లేదు. విందని తెలిస్తే భయం. వినలేదని తెలిస్తే ఇంకా భయం, ఎందుకంటే అప్పుడు మళ్లీ చెప్పాలి, పాట లేని చోట.

అందుకే ముందు ఇక్కడ రాస్తున్నాను. ఇక్కడ పాట లేదు. మీకు చెవుడు లేదు. ఆ పిల్ల గొంతు పోవడానికి, ఉద్యోగం పోవడానికి, వాళ్లమ్మ నోటికి ఆ గిన్నె అందకుండా పోవడానికి కారణం లేహ్యం కాదు. నా సూది. ఏముందో తెలిసే వేశాను.