మోరి పైసలు

వంటింటి కప్పు కారుతోంది. కింద స్టీలు గిన్నె పెట్టాను. ఖాళీ గిన్నెలో చుక్క పడితే టంగుమంటుంది. కాస్త నీళ్ళు చేరాక ఆ మోత మెత్తబడి టప్‌మంటుంది. పోయిన వానాకాలమూ ఇదే గిన్నె, ఇదే చోటు. బాగు చేయించడానికి డబ్బు లేక కాదు. బ్యాంకులో ఎంతుందో పైసలతో సహా చెప్పగలను. ఏదైనా అవసరం పడితే పనికొస్తుందని ఉంచాను. కప్పు కారడం అవసరం కాదా అని నిలదీసే మనిషి ఇప్పుడు లేదు. ఆమె గొంతు మాత్రం టప్‌మన్నప్పుడల్లా వినిపిస్తూనే ఉంది. "ఎవలి కోసం దాస్తున్నవక్కా?"

ఆమె పేరు నర్సవ్వ. సిద్దిపేట నుంచి దుబ్బాక పోయే దారిలో ఒక ఊరికి 2006 నుంచి 2011 దాకా సర్పంచ్. ఆ ఐదేళ్ళూ నేను అక్కడ పంచాయతీ కార్యదర్శిని. ఊరి పేరు రాయను, అక్కడి వాళ్ళు చదివితే ఎవరెవరో తెలిసిపోతుంది. సిద్దిపేటలో పొద్దున బస్సెక్కి వెళ్ళి సాయంత్రం వచ్చేదాన్ని. నర్సవ్వ నాకంటే పదేళ్ళు చిన్నది, ఐదో తరగతి చదివింది. భర్త తాళ్ళెక్కి కల్లు గీసేవాడు. ఆడవాళ్ళకు కేటాయించిన సీటు కాబట్టి పేరు భార్యదైనా సర్పంచ్‌గిరీ తనదేననుకుని ఆయన మొదటిరోజే వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఆమె గుమ్మంలో నిలబడి, "నువ్వు తాడెక్కేటప్పుడు నేనొచ్చి నీ మోకు పట్టుకున్ననా? లే," అంది. ఆయన నవ్వుతూ లేచాడు. మళ్ళీ ఎప్పుడూ ఆ కుర్చీ జోలికి రాలేదు.

నా సంగతి కూడా కొంత చెప్పాలి, లేకపోతే మా ఇద్దరికీ ఎందుకు పడలేదో అర్థం కాదు. 1969లో నాకు పదహారేళ్ళు. స్కూళ్ళు మూతపడ్డాయి. మా బాపు అరుగు మీద కూర్చున్న వాళ్ళు రోజూ ఒకటే మాట మాట్లాడేవారు, మిగులు నిధులు. తెలంగాణలో వసూలైన డబ్బు ఇక్కడ ఖర్చు కాకుండా మిగిలిపోయిందని, ఆ మిగులు వేరే చోటికి పోయిందని. అంత పెద్ద లెక్క నాకు అప్పుడు సరిగా తెలియలేదు. తెలిసిందల్లా మిగులు అనేది చాలా విలువైనదని, దాన్ని కాపాడుకోలేక మోసపోయామని. నా చేతిలో పెట్టిన డబ్బును మాత్రం ఎవరూ కదిలించకుండా చూస్తానని ఆ వయసులోనే అనుకున్నాను. ఉద్యోగంలో చేరాక అదే నా పద్ధతి అయింది. పన్ను పూర్తిగా వసూలు చేయాలి, ఖర్చు చేయి బిగించి చేయాలి. ఏడాది చివర ఎంతో కొంత మిగలాలి.

నర్సవ్వ పద్ధతి వేరు. పన్ను పూర్తిగా వసూలు చేయాలి, పూర్తిగా ఖర్చు పెట్టాలి. మొదటి ఏడాది లెక్కలు చదివి వినిపించి, ఇంత మిగిలింది అని నేను కొంచెం గర్వంగానే చెప్పాను. ఆమె బుగ్గన చెయ్యి పెట్టుకుని చూసింది. "మిగిలినయంటే మురుస్తవేందక్కా? ఊర్ల పనులన్నీ అయినంక మిగిలినయా, కాకముందే మిగిలినయా?"

మూడో పద్ధతి వెంకటయ్యది. ఆయన వార్డు మెంబరు, నర్సవ్వకు ఎదురు పార్టీ. పంచాయతీ ఎన్నికలకు పార్టీ గుర్తులు ఉండవు. కానీ ఎవరు ఏ పార్టీయో హోటల్లో ఎవరి పక్కన కూర్చుని చాయ్ తాగుతారో చూస్తే తెలిసిపోయేది. సర్కారు ప్రజల జేబులో చెయ్యి పెట్టకూడదు, ఎక్కువ ఖర్చు చేయకూడదు అని వెంకటయ్య వాదన. విన్నప్పుడు సగం నా మాటలాగే ఉండేది. మిగతా సగం ఏమిటంటే, ఆయన తన రెండంతస్తుల ఇంటికి పదేళ్ళుగా పన్ను కట్టలేదు.

2010 ఎండాకాలంలో గ్రామసభ పెట్టారు. ఊరి దిగువ గల్లీకి మోరి కట్టాలని నర్సవ్వ పట్టు. మా దగ్గర మురికి కాలువను మోరి అంటారు. అంచనా యాభై ఎనిమిది వేలు. సాధారణ నిధిలో ఉన్నది అరవై ఒక్క వేల నాలుగు వందలు. ఉన్నదంతా ఊడ్చి పెడితే రేపు బోరు మోటారు కాలితే నీళ్ళెట్లా అని నేను లేచి అభ్యంతరం చెప్పాను. కొంత పన్ను పెంచి, వచ్చే ఏడాది కడదాం అన్నాను. పన్ను మాట వినగానే వెంకటయ్య లేచాడు.

"పన్ను పెంచుడు లేదు, మోరి లేదు. ఆ గల్లీల నీళ్ళు ఇయ్యాల కొత్తగ పారుతున్నయా? మా తాతల కాడికెళ్లి పారుతున్నయి."

"మీ తాతల ఇల్లు గడ్డ మీదుండె గద," అంది నర్సవ్వ. సభ అంతా నవ్వింది. తర్వాత నావైపు తిరిగింది. ఆమె మొహంలో నవ్వు లేదు. "అక్కా, మన పైసలు మన మీద ఖర్చు పెట్టలేదనే కద తెలంగాణ అడుగుతున్నం? గాళ్ళు మిగిలిస్తే అన్యాయం, గీడ నువ్వు మిగిలిస్తే పొదుపు. ఏంది ఫరక్? నాకు సమజైతలేదు, చెప్పరాదు?"

మన మిగులు మన దగ్గరే ఉంది, వేరే చోటికి పోలేదు అన్నాను. "దిగువ గల్లీకి రానిది ఏడుంటే ఏంది?" అంది. ఆరోజు వెంకటయ్య పార్టీ వాళ్ళు చేతులెత్తి మోరిని ఆపేశారు. నా అభ్యంతరమే వాళ్ళకు సాకు అయింది. బయటికొస్తూ వెంకటయ్య, "మీరొక్కలే లెక్క తెలిసిన మనిషి మేడం," అని మెచ్చుకున్నాడు. ఆ మెప్పు నాకు అస్సలు నచ్చలేదు.

ఆ వానాకాలం దిగువ గల్లీలో నీళ్ళు ఇళ్ళలోకి వచ్చాయి. ఆ గల్లీలోనే మా పంచాయతీ సఫాయి పని చేసే బాలమణి ఇల్లు. నర్సవ్వ నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి చూపించింది. బియ్యం సంచి కింద సగం తడిసి ఉబ్బింది. బాలమణి మంచి బియ్యం పైనుంచి చేటలోకి తీసుకుంటోంది. నర్సవ్వ నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే నేను మోటారు సంగతి చెప్పేదాన్ని. నిజంగానే వారం ముందు మోటారు కాలింది, రివైండింగ్‌కు ఎనిమిదిన్నర వేలు ఆ నిధి నుంచే ఇచ్చాం. ఊరంతా నీళ్ళు తాగింది. బాలమణి కూడా తాగింది. ఆ మాట ఆ ఇంట్లో నిలబడి చెప్పడానికి నాకు నోరు రాలేదు.

2011 ఫిబ్రవరిలో సహాయ నిరాకరణ పిలుపు వచ్చింది. సర్కారుకు పన్నులు కట్టొద్దు, బిల్లులు కట్టొద్దు. ఉద్యోగులం కలాలు కింద పెట్టాం, నేనూ పెట్టాను. తెలంగాణ రావాలని నాకు పదహారేళ్ళప్పటి నుంచీ ఉంది. కానీ నర్సవ్వ ఇల్లిల్లూ తిరిగి ఇంటి పన్ను కూడా కట్టొద్దని చెబుతుంటే ఆగలేకపోయాను. మా ఊళ్ళో ఏడాది పన్నులో ఎక్కువ భాగం ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే వచ్చేది.

"నర్సవ్వా, ఇంటి పన్ను హైదరాబాదు పోదు. గీ ఊర్లనే ఉంటది. బాలమణి జీతం దాంట్లకెళ్లే ఇస్తం."

"నాకు తెల్వదా?"

"తెలిసి ఎట్ల చెప్తున్నవ్?"

"గీ పన్ను కట్టున్రి, గా పన్ను కట్టకున్రి అని ఇంటింటికి లెక్కలు చెప్పుకుంట తిరిగితే అది ఉద్యమమైతదా అక్కా? మీ ఆఫీసోళ్ళ ట్రెయినింగ్ అయితది." కొంచెం ఆగి మళ్ళీ అంది. "నేను కట్టొద్దన్న, తినుమనలే. కొంగుకు ముడేసి ఉంచుకొమ్మన్న."

హోటల్ ముందు వెంకటయ్య అందరికంటే గట్టిగా మాట్లాడేవాడు. "మీరంతా ఇయ్యాల మొదలువెట్టిన్రు. నేను పదేండ్ల సంది సహాయ నిరాకరణ జేస్తున్న!" నర్సవ్వ అటుగా పోతూ, "ఔనే, నీకు ముందుగాల దండెయ్యాలె," అంది.

కలాలు మళ్ళీ పట్టాక కూడా పన్ను కట్టడానికి ఎవరూ రాలేదు. మార్చి నెలాఖరున బాలమణి, మరో ముగ్గురు పనివాళ్ళు పంచాయతీ అరుగు మీద కూర్చున్నారు. రెండు నెలల జీతం రాలేదు. మనిషికి నెలకు పద్దెనిమిది వందలు. నర్సవ్వ లోపలికొచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"ఎన్నున్నయక్కా?"

"మోటారుకు పోను యాభై రెండు వేల తొమ్మిది వందలు."

"గవి మోరి పైసలు."

"గవే."

ఆమె కిటికీలోంచి బాలమణిని చూసింది. "రాయి," అంది. నేను బిల్లు రాశాను, ఆమె సంతకం చేసింది. జూన్ దాకా అలాగే ఐదు నెలల జీతాలు, ముప్పై ఆరు వేలు, ఆ నిధి నుంచే వెళ్ళాయి. ఒక్కరోజు కూడా ఊడ్పు ఆగలేదు, నీళ్ళు ఆగలేదు. ఇంటి పన్ను కట్టని ఊరు అంతకాలం నిలబడింది, నేను పట్టుకుని కూర్చున్న డబ్బుతో. మోరి కట్టి ఉంటే మిగిలేది మూడు వేల నాలుగు వందలు, నలుగురికి సగం నెల జీతం కూడా కాదు, కాలిన మోటారుకే చాలేది కాదు. ఈ లెక్క నేను పైకి చెప్పలేదు. అయినా ఆమె సంతకం చేసి తలెత్తి, "గట్లని నువ్వు గెల్చినట్టు కాదు," అంది.

"నేను గెలిచిన అనలే."

"మొఖం అంటున్నది."

ఆ సాయంత్రం బస్సు కోసం నిలబడి ఉంటే బాలమణి కనిపించింది. నా మనసులో మెదులుతున్న ప్రశ్న ఆమెనే అడిగాను. ఆ పైసలు మోరికి పోతే బాగుండేదా, గిట్ల జీతానికి వస్తే బాగుండేదా అని. ఆమె నన్ను వింతగా చూసింది. "రెండు నాయే గద మేడం. నన్నెందుకు ఒకటి ఏరుకొమ్మంటరు?"

జూన్ తర్వాత ముళ్ళు విప్పడం మొదలుపెట్టారు. అందరూ కాదు, కొందరి కొంగులు ఖాళీ అయిపోయాయి. అందరికంటే ముందు నర్సవ్వే వచ్చి పన్ను కట్టింది. నేను ఆలస్య రుసుము కూడా అడిగాను.

"సిగ్గులేదా అక్కా? నేను ఉద్యమంల ఉంటి!"

"రశీదుల ఉద్యమానికి జాగ లేదు."

పకపకా నవ్వి ఆ డబ్బూ లెక్కపెట్టి ఇచ్చింది. వెంకటయ్యను అడిగితే, "తెలంగాణ రానీ మేడం, అంతా ఒక్కపారే కడ్త," అన్నాడు. జూలైలో నేను రిటైరయ్యాను. ఆ తర్వాతి నెల ఆమె పదవీకాలం ముగిసింది.

రాష్ట్రం వచ్చాక ఒకసారి కొమురవెల్లిలో కలిసింది, మల్లన్న దర్శనానికి వచ్చి. నుదుటి నిండా పసుపు బండారి. "మనది మిగులు రాష్ట్రమట అక్కా, విన్నవా? ఆ మిగులుకు నిన్ను కావలి పెడితే ఒక్క మోరి గూడ కట్టనియ్యవు," అని నా భుజం మీద కొట్టింది. మోరి అయిందా అని అడిగాను. అవుతోందట, అప్పు తెచ్చి కడుతున్నారట. అప్పా అని నేను నిలబడిపోయాను. ఆమె నా మొహం చూసి, "నువ్వు అప్పుకు భయపడ్తవ్, నేను నీళ్ళకు భయపడ్త. ఇద్దరం భయపడేటోళ్ళమే పా," అంది. అదే ఆఖరు. రెండేళ్ళ తర్వాత జ్వరం వచ్చి దవాఖానలో పోయిందని బాలమణి ఫోన్ చేసి చెప్పింది.

సర్కారు ఎక్కువ ఖర్చు పెడుతోందని ఒక పార్టీ, సరిపోవడం లేదని ఇంకో పార్టీ టీవీలో అరుచుకుంటుంటే ఇప్పటికీ వింటాను. ఇద్దరి మాటలూ ఆ అరవై ఒక్క వేల నాలుగు వందలకు అన్వయించి చూస్తాను. ఎటు చూసినా ఒకవైపు బాలమణి తడిసిన బియ్యం, మరోవైపు బాలమణి జీతం. నా జీవితంలో తేలని లెక్క అదొక్కటే.

ఆమె పోయినప్పటి నుంచి నా ఇంటి లెక్కల్లో నెలాఖరున మిగులు అనే మాట రాయడం మానేశాను. ‘ఇంకా చేయనిది’ అని రాసి, పక్కన మొత్తం వేస్తాను. ఈ పొద్దున కూడా అలా రాసుకున్నాక గిన్నె నిండిపోయింది. పారబోసి వచ్చి మేస్త్రీకి ఫోన్ చేశాను. ఎల్లుండి వచ్చి కప్పు చూస్తానన్నాడు, సరేనన్నాను. నర్సవ్వ మాట నెగ్గినందుకు సంతోషించాలో ఏమో తెలియలేదు. ఫోన్ పెట్టేశాక ఆ డబ్బులోంచి ఎవరిదో జీతం పోతున్నట్టే అనిపించింది. ఎవరిదో కూడా తెలియదు. ఖాళీ గిన్నెను మళ్ళీ అదే చోట పెట్టాను.